మట్టెవాడల గూడ ఒకటి ఉన్నది

ముందే చెప్పేస్తే మంచిది: నేను పెంచి చెబుతాను. పిల్లి గోడ దూకితే పులి కోట దూకిందనే రకం కాదుగానీ, పిల్లి ఒంటి మీద నాలుగు చారలు గీయకుండా వదలను. ఇంటికి ఎవరొచ్చినా మా అక్క మంచినీళ్లిస్తూ, "వీడు చెప్పిన దాంట్ల రూపాయకు బారాణ కలుపే, జర సూస్కోండ్రి" అని ఓ హెచ్చరిక కూడా ఇస్తుంది. కనుక చదివేవాళ్లు ఎవరి జల్లెడ వాళ్లు దగ్గర పెట్టుకొని చదవండి. చనిపోయిన మనిషి గురించి రాస్తున్నప్పుడైనా కాస్త తగ్గించుకోవాలని గట్టిగా అనుకొనే కూర్చున్నాను. ఎంత తగ్గిందో చివర నేనే చెబుతాను.

మొన్న ఆదివారం సోడాల కాక చనిపోయాడు.

ఆయన పేరేమిటో నాకు తెలియదు. వరంగల్‌లో ఎవరికైనా తెలుసేమోనని అడిగి చూశాను, ఎవరికీ తెలియదు. చిన్నవాళ్లకు ఆయన కాక, అంటే బాబాయి, ఈడువాళ్లకు కాక, ఆయనకన్నా పదేళ్లు పెద్దవాళ్లకు కూడా కాకే. ఆయన సొంత కొడుకు చిన్నప్పుడు "నాయినా" అని పిలిస్తే పలకలేదనీ, "కాకా" అంటేనే తిరిగి చూశాడనీ చెప్పుకునేవాళ్లు. చెప్పుకునేవాళ్లంటే, నేను చెప్పేవాణ్ని.

స్టేషన్ నుంచి బయటికొచ్చి బస్టాండు వైపు తిరిగే మలుపులో, ఒక రేకుల నీడ కింద ఆయన బల్ల ఉండేది. బల్ల మీద చెక్కపెట్టెలో గోలీసోడాలు. బల్ల కింద మూటలు. ఆ మూటలు ఆయనవి కావు. తొర్రూరు నుంచీ, ఆ చుట్టుపక్కల పల్లెల నుంచీ బట్టలకూ సామాన్లకూ వచ్చేవాళ్లు బస్సు దిగగానే చేతిలో ఉన్న మూటలన్నీ ఆ బల్ల కిందికి తోసి ఊరి మీద పడేవాళ్లు. మూట పెట్టుకున్నందుకు కాక ఏమీ తీసుకునేవాడు కాదు. సోడా తాగితే సంతోషం, తాగకపోయినా మూట భద్రం. ఎవరి మూట ఏదో ముడి చూసి గుర్తుపట్టేవాడు. ముడి చూసి ఊరు చెప్పేవాడు. ఇంకాస్త వంగి చూశాడంటే, ఆ ముడి వేసినామె అత్తతో మాట్లాడుతున్నదో లేదో కూడా చెప్పేవాడు.

మూట బల్ల కిందికి వెళ్లగానే అందరి నోటా ఒకటే మాట.

"కాకా, బట్టలు యాడ తీస్కుంటె మంచిగుంటది?"

డెబ్బైలలో మా ఊళ్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం ఒక్క కాకకే ఉండేది. కలెక్టరుగారు స్వయంగా జీపు ఆపి చెప్పినా, జనం "అట్లనా సారూ" అని, వచ్చి కాకను అడిగి ఖాయం చేసుకొని పోయేవాళ్లు. దుకాణాల నెత్తి మీద దుకాణాలంత బోర్డులు ఉండేవి. వాటిని చదివేవాళ్లు తక్కువ, నమ్మేవాళ్లు ఇంకా తక్కువ. కాక నోట ముందు వచ్చిన దుకాణంలో చెప్పులు విడవడానికి చోటుండేది కాదు. రెండోదాంట్లో కూర్చోవడానికి చోటుండేది. మూడోదాంట్లో పడుకోవచ్చు. నాలుగో పేరు దాకా వినే ఓపిక తొర్రూరు బస్సుకు ఎన్నడూ లేదు.

ఇంత అధికారం ఉన్న మనిషి ఏ బట్టల దుకాణం గడపా తొక్కలేదు. తొక్కితే కూర్చోమంటారు, కూర్చుంటే చాయ్ తెప్పిస్తారు, చాయ్ తాగిన నాలుక వాళ్ల వైపు వంగుతుందని ఆయన భయం. పండక్కి ఆయన ధోవతి కూడా పక్కింటివాళ్లు తెచ్చిపెట్టేవాళ్లు. మరి ఏది మంచో ఏది చెడో ఆయనకెట్లా తెలుస్తుందంటే, తిరుగు బస్సు వేళకు తెలిసేది. మూట కోసం వచ్చినవాళ్లు కొన్న బట్ట విప్పి ఆయనకు చూపించాలి. అదొక్కటే ఆయన తీసుకునే సుంకం. బట్ట అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, నిద్రపోతున్న పిల్లవాడి చెవి తడిమినట్టు రుద్దేవాడు. తర్వాత అంచు నుంచి ఒక పోగు గుంజి, మెలిపెట్టి, పంటికింద పెట్టి, ఆకాశం వైపు చూసేవాడు. ఆ పోగును పారేయడు. సోడా తడి వేలితో రేకుల నీడ మోసే కర్రకు అంటించేవాడు. ఏళ్ల తరబడి అట్లా అంటించగా, ఆ కర్ర రంగురంగుల బొచ్చు మొలిచిన ఏదో జంతువు కాలులాగా తయారైంది. కొత్తగా వచ్చిన ఎద్దులు దాన్ని చూసి బెదిరేవి.

తీర్పు మాత్రం నోటితో చెప్పడు, సోడాతో చెబుతాడు. బట్ట నచ్చితే బొటనవేలితో ఒక్క పోటు. గోలీ "టప్" మని లోపలికి పడేది. ఆ చప్పుడు విని కాజీపేటలో రైలు డ్రైవర్లు సిగ్నల్ ఇచ్చారనుకొని బండ్లు తీసేవాళ్లు. నచ్చకపోతే గోలీని మెల్లమెల్లగా అదిమేవాడు. సీసా "సుయ్" మని సన్నగా ఏడ్చేది. ఒక దుకాణం బట్టకు ఆ ఏడుపు మళ్లీ మళ్లీ వినబడిందంటే, ఆ దుకాణం పేరు ఆయన నోట్లో ఒక మెట్టు దిగేది. దుకాణదారు ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగించేవాళ్లు కాదు.

ఇక మా బావ సంగతి.

మా అక్క మొగుడికి మట్టెవాడలో బట్టల దుకాణం ఉండేది. లోపల నిలువెత్తు అద్దం పెట్టించాడు. చీరె భుజం మీద వేసుకొని అందులో చూసుకోవడానికి ఆడవాళ్లు ఇష్టపడేవాళ్లు. అందుకని బోర్డు మీద ఏం రాసి ఉన్నా అందరూ దాన్ని అద్దం దుకాణం అనేవాళ్లు. అరుగు మీద కుట్టుమిషను పెట్టుకొని ఖాసిం భాయి కూర్చునేవాడు. లోపల బట్ట, బయట కుట్టు. బావ బట్ట కొలిచేటప్పుడు మీటరుకట్ట దాటాక నాలుగు వేళ్లు వదిలి కత్తెర పెట్టేవాడు. ఎందుకు బావా అంటే, "కుట్టంగ గుంజుకపోతది, పాపం" అనేవాడు. కాక నోట్లో ఆ దుకాణం ఎప్పుడూ రెండోది. స్టేషన్ రోడ్డులో మెట్లెక్కి పోవాల్సిన మెట్ల దుకాణం ఎప్పుడూ మొదటిది.

ఆ రెండు అనే మాట మా బావకు అరికాల్లో ముల్లయింది.

"బామ్మర్దీ, మన బట్టకు ఏం తక్కువైంది చెప్పు."

"తక్కువేం లేదు బావా. కాక నోట్లె ముందుగాల ఇంకోటి వస్తాంది, గంతె."

"గదే, ఎందుకు వస్తాంది అని అడుగుతాన."

"ఆ మెట్లెక్కి దిగినంక జనానికి దూప అయితదేమో. సోడా గిరాకి పెరుగుతది."

బావ నవ్వలేదు. అంతకుముందు నేనేమన్నా నవ్వేవాడు.

సరిగ్గా అప్పుడే పబ్లిసిటీ దిగాడు. బావకు వరుసకు తమ్ముడు. హైదరాబాదులో సినిమా పోస్టర్లు అంటించేవాళ్ల వెనక మైదా బకెట్టు మోసి, ఆ వాసనతోనే వచ్చాడు. ఎవరు పేరడిగినా "నాది పబ్లిసిటీ" అనేవాడు. మేము దాన్నే పేరనుకున్నాం. దుకాణంలో అద్దం ముందు నిలబడి దువ్వుకుంటూ బావకు జ్ఞానబోధ చేశాడు.

"అన్నా, బోర్డు సూసి ఎవ్వడు రాడు. నోరు సూసి వస్తడు. నోర్లు నేను కిరాయికి తెస్త."

"అబద్ధం ఆడిపిచ్చుడు మంచిదారా?"

"అబద్ధమేందన్నా. నీ బట్ట మంచిదా, కాదా?"

"మంచిదే."

"మంచిదని చెప్పిస్తాం. నిజాన్నే జర గట్టిగ చెప్పిస్తాం. అండ్ల తప్పేమున్నది?"

అరుగు మీద మిషను ఆగింది. ఖాసిం భాయి దారం కొరుకుతూ, "సేట్, మంచి చీరెకు మళ్ల అతుకు ఎందుకు?" అన్నాడు. ఆ మాట ఎవరూ వినలేదు. నేను విన్నానుగానీ, బాగుందనుకొని గుర్తుపెట్టుకున్నాను తప్ప నోరు మెదపలేదు.

పథకం ఇదీ. గింజల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీల్లోంచి రోజుకొకణ్ని తెస్తారు. తువ్వాల చుట్టుకొని, పల్లె నుంచి వచ్చినవాడిలా కాక బల్ల దగ్గర కూర్చొని, చీరె విప్పి, "అద్దం దుకాణంల తీస్కున్న కాకా, ఏం బట్టనే, ఏం రంగే" అని పదిమందికీ వినబడేలా పొగుడుతాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ మా బావ చేతిలో కత్తెర ఉన్నవాడు, గుడ్డ పాడైతే ప్రాణం పోతుంది. రోజుకొక కొత్త చీరె తీసి సోడా బల్ల మీద పరవడం ఆయనకు నచ్చలేదు. "ఒక్క చీరె చాలదారా, మనిషే మారుతాండు గద" అన్నాడు. పబ్లిసిటీకి ఆ మాటలో తప్పు కనబడలేదు. మామిడిపిందెల అంచున్న ఒక ఆకుపచ్చ చీరెను ఆ ఉద్యోగంలో వేశారు.

పారింది. కొన్నాళ్లపాటు బ్రహ్మాండంగా పారింది. కాక నోట మట్టెవాడ పేరు ముందుకొచ్చింది. దుకాణంలో జనం ఊపిరికి అద్దం మసకబారి, ఆడవాళ్లు ఒకరి చీరెలో ఇంకొకరు కనబడేవాళ్లు. ఖాసిం భాయి మిషను చక్రం వేడెక్కి, దాని మీద చాయ్ కాచుకోవచ్చు అన్నట్టుండేది. బావ అంగీ బొత్తాలు బిగుతయ్యాయి. "సూసినవా బామ్మర్దీ" అన్నాడు. చూశాను.

తర్వాతది కూడా చూశాను. ఎవరినో రైలెక్కించి వచ్చి కాక దగ్గర సోడా తాగుతున్నాను. ఆ రోజు వంతు హమాలీ వచ్చాడు. ఆ భుజాలు నాగలి పట్టిన భుజాలు కావని గుడ్డివాడికైనా తెలుస్తుంది.

"ఏ ఊరు బిడ్డా?" కాక అడిగాడు.

"తొర్రూరు అవుతల."

"అవుతలంటె?"

"ఇంకా జర అవుతల."

చీరె విప్పాడు. నేర్చుకొచ్చిన పాఠం మొదలుపెట్టాడు. కాక అంచు పట్టుకొని, రుద్ది, అలవాటు కొద్దీ పోగు గుంజబోయి ఆగాడు. అంచును వెలుగు వైపు తిప్పాడు. ఎలుక కొరికినట్టు అంచంతా పోగులు లేచిపోయి ఉంది.

"ఈ చీరె ఎప్పుడు కొన్నవు బిడ్డా?"

"ఇగ ఇప్పుడే కాకా. ఇటే వస్తాన."

"మరి దీని పోగులు నేనెప్పుడు గుంజిన?"

కాక ఆ అంచును తీసుకుపోయి కర్ర పక్కన పెట్టాడు. కర్రకు ఆకుపచ్చ పోగులు వరసగా అంటుకొని ఉన్నాయి. తల్లీపిల్లలను పక్కపక్కన నిలబెట్టినట్టయింది. సోడాలు తాగుతున్నవాళ్లు తాగడం ఆపారు. హమాలీ లేచి నిలబడ్డాడు, మళ్లీ ఏం చేయాలో తెలియక కూర్చున్నాడు. కాక ఒక సోడా తీసి గోలీని అదమడం మొదలుపెట్టాడు. ఆ సీసా ఏడ్చినంతసేపు నేను నా జీవితంలో ఇంకే సీసా ఏడవగా వినలేదు.

"బట్ట మంచిదే బిడ్డా," అని సోడా చేతికిచ్చాడు. "నోరే కిరాయిది. తాగి పో."

నేను పరుగు పరుగున మట్టెవాడ పోయి బావకు చెప్పాను. బావ చేతిలో కత్తెర అట్లాగే ఉండిపోయింది. "తిట్టిండా?" అన్నాడు. తిట్టలేదన్నాను. బావ ముఖం కాస్త తేరుకుంది. తిట్టి ఉంటేనే బాగుండేదని మాకప్పుడు తెలియదు.

మర్నాటి నుంచి కాక జవాబు ఇట్లా మారింది. "స్టేషన్ రోడ్డుల మెట్ల దుకాణానికి పోండ్రి. ఆడ దొరక్కపోతె చౌరస్తకాడ మూలమీది దుకాణం." అని, ఒక సోడా తుడిచి పెట్టెలో పెట్టి, ఎటో చూస్తూ, "ఇగ మట్టెవాడల గూడ ఒకటి ఉన్నది" అనేవాడు.

ఆ వాక్యంలో తప్పు పట్టడానికి హైకోర్టు వకీలు వల్ల కూడా కాదు. మట్టెవాడలో ఒకటి ఉన్న మాట నిజమే. చెడ్డదని అనలేదు, పోవద్దని అనలేదు. కానీ ఆ "గూడ" ఉంది చూశారా, అది పెళ్లి భోజనంలో చివరి వరస విస్తరి. అన్నం ఉంటుంది, కూర అయిపోయి ఉంటుంది. పల్లె జనం ఆ మాట వినగానే "సరే కాకా" అని స్టేషన్ రోడ్డు వైపు తిరిగేవాళ్లు.

దుకాణం ఒక్కసారిగా మూతపడితే ఏడ్చి ఊరుకోవచ్చు. మా బావ దుకాణం తెరిచే ఉంది, మనుషులే మానేశారు. పొద్దున తలుపులు తీసి, అగరొత్తి ముట్టించి, మీటరుకట్ట తుడిచి, గద్దె మీద కూర్చునేవాడు. ఎదురుగా నిలువెత్తు అద్దం. అందులో గద్దె మీద ఇంకొకాయన కూర్చొని ఉండేవాడు. సాయంత్రం దాకా ఒకరినొకరు చూసుకునేవాళ్లు. ధర తగ్గించాడు. "ఏమైందో ఏమో, ధర గూడ తగ్గించిండు" అని వచ్చే ఇద్దరూ రాకుండా పోయారు. గిరాకీ లేక ఖాసిం భాయి తన ఇంటి తలగడలన్నింటికీ గలేబులు కుట్టాడు, తర్వాత ఇరుగుపొరుగు తలగడలకు కుట్టాడు, చివరికి మిషనుకే ఒక అంగీ కుట్టి తొడిగాడు. పబ్లిసిటీ కరీంనగర్‌లో ఏదో టాకీసు తెరుస్తున్నారని బకెట్టు పట్టుకొని వెళ్లిపోయాడు. ఆకుపచ్చ చీరెను మా అక్క ఇంట్లో కట్టుకునేది. పోగులు లేచిన అంచు పైకి కనబడేలా కట్టుకొని బావకు అన్నం వడ్డించేది.

చివరికి బావ నన్ను వెంటబెట్టుకొని కాక దగ్గరికి బయలుదేరాడు. తప్పు చేసినవాడు ఒక్కడే పోతే బాగుండదు, మధ్యలో ఎవరన్నా ఉండాలంటాడు. నన్ను పెట్టుకున్నాడంటే ఎంత కష్టంలో ఉన్నాడో చూడండి. బస్సులు లేని మధ్యాహ్నం వేళ. కాక బల్ల మీద కునుకుతున్నాడు.

"కాకా, తప్పయింది," అన్నాడు బావ. "కిరాయి నోర్లు బందువెట్టిన. వాడు గూడ ఎల్లిపోయిండు."

"మంచిది బిడ్డా."

"మరి నువ్వు జర..."

"నేనేమన్న అన్ననా? ఉన్నది అని చెప్తాన. ఉన్నది గద?"

"ఉన్నది కాకా. గని గూడ అంటానవు."

"గూడ అంటె తిట్టా?"

"తిట్టు కాదు కాకా. గూడ అనంగనె వాళ్లకు బస్సు యాదికొస్తాంది."

నాకు నవ్వొచ్చి ఆపుకున్నాను. బావకు నవ్వు రాలేదు, కాకకూ రాలేదు. ఆయన కర్ర వైపు చూశాడు. ఆకుపచ్చ పోగులు ఎండకు వెలిసి పసుపయ్యాయి.

"నా దగ్గర ఏమున్నది బిడ్డా," అన్నాడు. "ఈ సీసలు, ఈ మాట. సీస పలిగితె ఇంకోటి తెచ్చుకుంట. నీ హమాలి మాటకు నేను టప్ అనిపిచ్చిన. అది విని ఎందరు పోయిండ్లో, వాళ్లకు నేనేం చెప్పాలె?"

"వాళ్లకు మంచి బట్టనే ఇచ్చిన గద కాకా."

కాక కర్ర మీది వెలిసిన పోగులను వేలితో తడిమాడు.

"సూస్త," అన్నాడు.

ఆ "సూస్త" పట్టుకొని మా బావ ఎండాకాలం గడిపాడు, వానలు గడిపాడు. పొద్దున దుకాణం తెరిచేటప్పుడు, "ఇయ్యాల అంటడేమో" అనేవాడు. తలుపులేసేటప్పుడు, "రేపు అంటడు" అనేవాడు. మధ్యలో ఖాసిం భాయి "జర సబర్ సేట్" అని ఓపిక పట్టమనేవాడు. బావ నన్ను రోజూ స్టేషన్ వైపు నడకకు పంపేవాడు. వినిరమ్మని అనడు, "సోడా తాగిరా పో" అంటాడు. ఆ ఏడు నేను తాగిన సోడాలకు నా కడుపులో గోలీలు ఆడేవి.

ఒక రోజు విన్నాను. బస్సు దిగిన తొర్రూరు ఆడవాళ్లు మూటలు పెట్టారు. వాళ్లలో పెద్దామె అడిగింది. కాక సోడా తుడవలేదు, ఎటో చూడలేదు. ఆమె ముఖంలోకే చూస్తూ చెప్పాడు.

"మట్టెవాడల అద్దం దుకాణానికి పోండ్రి. మంచి బట్ట. సీదా ఆడికే పోండ్రి."

ముందూ లేదు, వెనకా లేదు, గూడా లేదు. పెద్దామె చెంగుతో చెమట తుడుచుకొని పక్కామెతో అంది:

"యాడనే అది? గా గూడ దుకాణమా?"

ఆడవాళ్లంతా నవ్వారు. కుళ్లు నవ్వేం కాదు. పాత వేళాకోళం గుర్తుకొచ్చినట్టు, అలవాటుగా నవ్వారు. "ఏందే కాకా, ఇయ్యాల మమ్ముల గూడ దుకాణానికి తోలుతానవ్. మేమేం పాపం చేసినం?" అని ఒకామె కాక భుజం తట్టింది. అందరూ స్టేషన్ రోడ్డు వైపు నడిచారు.

తర్వాత వాకబు చేస్తే తెలిసింది. కాక మాట బస్సెక్కి పోయి పల్లెల్లో కాపురం పెట్టింది. పిల్లలు కొట్లాడుకుంటే "నీది గూడ దుకాణం అంగి" అనుకుంటున్నారు. పెళ్లిలో ముతక చీరె వస్తే "గూడ దుకాణంల తెచ్చిండ్లా" అని అడుగుతున్నారు. అద్దం దుకాణం అనే పేరు ఎవరికీ గుర్తు లేదు. మాట ఆయన నోట్లోంచే పోయింది. తిరిగి రమ్మంటే రావడం లేదు.

ఆడవాళ్లు వెళ్లాక కాక ఒక సోడా తీశాడు. బొటనవేలు గోలీ మీద పెట్టి, కొట్టాలో అదమాలో తెలియనట్టు సీసాను తిరిగి పెట్టెలో పెట్టేశాడు. నన్ను చూసి, "మీ బావకు చెప్పకు" అన్నాడు. నేను చెప్పలేదు. బావ అడిగితే, "ఇయ్యాల బస్సులు రాలే" అన్నాను. వరంగల్‌కు బస్సులు రాని రోజు ఉంటుందా. బావ నా ముఖం చూసి, ఆ తర్వాత నన్ను సోడాకు పంపలేదు.

దుకాణం పోయింది. అద్దాన్ని మంగలి దుకాణంవాళ్లు తీసుకున్నారు. దాన్ని బండి మీద వెల్లకిల పడుకోబెట్టి మట్టెవాడ గల్లీల్లోంచి తోసుకుపోతుంటే, అందులో ఆకాశం, కరెంటు తీగలు, మేడల మీద ఆరేసిన బట్టలు ఒక్కొక్కటే దొర్లుకుంటూ పోయాయి. ఖాసిం భాయి మిషనుకు తొడిగిన అంగీ విప్పి, మిషనును నెత్తి మీద పెట్టుకొని అన్నగారి ఊరికి పోయాడు. బావ మెట్ల దుకాణంలోనే బట్ట కొలిచే పనికి కుదిరాడు. అక్కడ కూడా మీటరుకట్ట దాటి నాలుగు వేళ్లు వదిలేవాడు. ఒకరోజు సేటు వెనక నిలబడి చూసి, ఆ నాలుగు వేళ్లను మెల్లగా వెనక్కి జరిపాడట. ఇది బావే నాకు చెప్పాడు.

ఆ పనికి పోతూ వస్తూ బావ కాక బల్ల ముందు నుంచే నడవాలి. సాయంత్రం బావ రావడం చూడగానే కాక సోడా తీసి, బస్టాండు అదిరేలా టప్ మనిపించి చేతికిచ్చేవాడు. బావ నిలబడి తాగేవాడు. సీసా తిరిగిచ్చేవాడు. నమస్కారం లేదు, మాట లేదు. ఏళ్లు గడిచాయి, ఆ టప్ మాత్రం తప్పలేదు. దాని అర్థమేమిటో వాళ్లిద్దరికే తెలియాలి. నేను చాలా అర్థాలు కల్పించానుగానీ ఏదీ దానికి అతకలేదు.

ఎనభైలలో కాక బల్ల చుట్టూ లోకం మారింది. దుకాణాలవాళ్లు ఆటోలకు మైకులు కట్టి వాళ్ల పేర్లు వాళ్లే అరిపించుకోవడం మొదలుపెట్టారు. పబ్లిసిటీ బతుకంతా కలగన్నది అదే. పక్కన కూల్‌డ్రింకుల కొట్టు వెలిసింది, అందులో ఫ్రిజ్ గుర్రుమనేది. దూపైనవాళ్లు అటే పోయేవాళ్లు. ఒకసారి ఆ కొట్టు కుర్రాణ్ని ఎవరో గోలీసోడా ఉందా అని అడిగితే, వాడు చేత్తో చూపిస్తూ, "ఆడ సోడా గూడ ఉన్నది" అన్నాడు. కాక విన్నాడు. కర్ర వైపు తిరిగి కూర్చున్నాడు.

చనిపోయిన సంగతి తెలిసి నేనూ బావా వేరువేరుగా పోయాం. మా దిక్కున చనిపోయినవాళ్ల మీద అయినవాళ్లు కొత్త బట్ట కప్పుతారు. కాకకు అయినవాళ్లు కొందరే. కానీ ఊళ్లో బట్టల దుకాణాలవాళ్లంతా బట్టలతో దిగారు. బతికుండగా గడప తొక్కనివాడు, ఇప్పుడు కాదనలేడు కదా. మెట్ల దుకాణం సేటు జరీ అంచు తెల్లబట్ట కప్పాడు. మూలమీది దుకాణంవాడు దాని మీద ఇంకొకటి కప్పాడు. తర్వాత వచ్చినవాడిది దాని మీదికొచ్చింది. ఎవరిది పైన ఉంటే వాళ్లది కనబడుతుంది. అది అందరికీ ఒక్కసారే తట్టింది. కప్పినవాడు బయటికి పోయి బీడీ తాగి వచ్చేలోపు తన బట్ట అడుగున పడిపోతే, మనిషిని పంపి ఇంకొకటి తెప్పించాడు. అట్లా పెరిగి పెరిగి కాక పెళ్లిమంచం మీది పరుపంత ఎత్తయ్యాడు. చివరికి వాడకట్టు పెద్దమనిషి విసుక్కొని, "ఇగ సాలు, లేపుండ్రి" అన్నాడు.

అప్పుడొచ్చాడు మా బావ. చంకలో చిన్న పొట్లం. అద్దం దుకాణం ముద్ర ఉన్న పాత కాగితం, మడతల దగ్గర పచ్చబడి చిరిగింది. దుకాణం ఖాళీ చేసేటప్పుడు ఎందుకో అట్టిపెట్టుకున్న తెల్లబట్ట తానులోని చివరి ముక్క. విప్పి, దులిపి, కాక మీద కప్పి, అంచులు సరిచేశాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ కప్పలేదు. జరీ అంచులన్నింటికీ పైన మా బావ బట్ట ఉంది. ఆ ఊళ్లో ఆ దుకాణానికి మొదటి స్థానం మళ్లీ దక్కడం అప్పుడే.

తొర్రూరు నుంచి వచ్చిన ఒక ముసలామె వంగి, ఆ అంచును కాక పట్టుకున్నట్టే రెండు వేళ్ల మధ్య పట్టుకొని రుద్దింది.

"మంచి బట్ట," అంది. "ఏ దుకాణంల తీస్కున్నరు బిడ్డా?"

బావ తలెత్తకుండా చెప్పాడు.

"మట్టెవాడల గూడ ఒకటి ఉండె."

మాటిచ్చాను కనుక ఇప్పుడు చెబుతాను. కాజీపేట డ్రైవర్లు, ఎద్దులు బెదరడం, మిషనుకు అంగీ, కాక ఎత్తూ, ఇవన్నీ నా చారలు. మీ జల్లెడలో ఎప్పుడో తేలిపోయి ఉంటాయి. నేను నిజంగా కల్పించింది మాత్రం ఒక్కటే. ఆ రోజు తొర్రూరు నుంచి ఎవరూ రాలేదు. ఎవరూ అంచు పట్టుకొని చూడలేదు. బావ పొట్లం కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని, తల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. కాకను లేపారు, తీసుకుపోయారు.

రిక్షాలో తిరిగి వస్తుంటే బావ అన్నాడు. "ఎవలన్న అడుగుతరేమో అనుకున్న బామ్మర్దీ. ఏం చెప్పాల్నో గూడ మనసుల పెట్టుకున్న."

ఏం చెబుదామనుకున్నావు బావా అని అడిగాను. చెప్పాడు.

ప్రశ్న నేను కల్పించాను. జవాబు ఆయనదే.